కరోనాకి సేల్ డీడ్ చదవడం వచ్చు

కరోనా గురించి సైంటిస్టులు చాలా కనుక్కున్నారు గానీ ఒక ముఖ్యమైన సంగతి మాత్రం వాళ్ల కంట పడలేదు, అదేంటంటే ఆ వైరస్‌కి సేల్ డీడ్ చదవడం వచ్చు. ఫ్లాట్ ఎవరి పేరు మీద రిజిస్టరయిందో చూసుకుని, ఓనర్ అయితే దణ్ణం పెట్టి పక్కకి తప్పుకుంటుంది, కిరాయికున్నవాడైతే భుజమెక్కి కూర్చుంటుంది. ఇదేదో నేను కడుపుమంటతో అంటున్న మాట కాదండీ, 2020 మార్చి నుంచి ఆ తర్వాతి ఎండాకాలం దాకా హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన రూల్స్ వరసగా చదువుకుంటూ పోతే ఎంత తలకాయ ఉన్నవాడైనా చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతాడు.

పనిమనిషి సంగతే తీసుకోండి. ఫస్ట్ ఫ్లోర్‌లో ఓనర్ గారింట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచి, మెట్ల మీద కూర్చుని టీ తాగేదాకా ఆవిడ శుభ్రంగా ఆరోగ్యంగా ఉండేది, గ్లాసు కింద పెట్టి సెకండ్ ఫ్లోర్‌లో టెనెంట్ వాళ్లింటికి వెళ్దామని లేచేసరికి "బయటి మనిషి" అయిపోయేది, బయటి మనుషులు పైకి పోవడానికి లేదు. ఆ రెండు అంతస్తుల మధ్య మెట్ల మీద ఏం జరిగేదో కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ వాళ్లు ఒక్కసారి వచ్చి శాంపిల్ తీసుకుని ఉంటే వ్యాక్సిన్ ఇంకో ఆర్నెల్లు ముందే వచ్చి ఉండేదని నా గట్టి నమ్మకం. అలాగే ఓనర్ గారబ్బాయి బెంగుళూరు నుంచి కారేసుకుని, దారిలో రెండు హోటళ్లలో పార్సెల్ తీసుకుని వచ్చాడనుకోండి, "మనవాడేగా". అదే టెనెంట్ తమ్ముడు మిర్యాలగూడ నుంచి బైక్ మీద వచ్చాడనుకోండి, వాచ్‌మన్ గేటుకి తాళం వేసి నుదుటి మీద థర్మల్ గన్ పెడతాడు, అది 96 చూపిస్తే మిషన్ పాడైందంటాడు. పధ్నాలుగు రోజులు ఎక్కడన్నా ఉండి రమ్మంటాడు. ఎక్కడన్నా అంటే ఎక్కడ అని మాత్రం అడగకూడదు, లాడ్జిలు అప్పటికే మూసేశారు.

డాక్టర్ల విషయంలో ఓనర్ల మీద పడ్డ నింద మరీ అన్యాయం. 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, సాయంత్రం ఐదింటికి దేశమంతా బాల్కనీల్లోకొచ్చి డాక్టర్ల కోసం చప్పట్లు కొట్టింది, పళ్లేలు కూడా కొట్టింది. రెండు రోజులు తిరక్కుండానే ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు మమ్మల్ని ఇళ్లల్లోంచి పొమ్మంటున్నారు బాబోయ్ అని కేంద్ర హోం మంత్రికి ఉత్తరం రాసుకోవాల్సి వచ్చింది, మన వరంగల్‌లో డాక్టర్లూ ఇదే గోడు వెళ్లబోసుకున్నారు. దీన్ని పట్టుకుని కొంతమంది, చూశారా ఎంత కపటమో అని ఎద్దేవా చేశారు. కపటం ఏముందండీ ఇందులో, చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులూ కావాలి, రెండు చేతులూ అక్కడ బిజీగా ఉంటే గేటు గడియ ఎవరు తీస్తారు?

అమీర్‌పేట హాస్టళ్ల కథ ఇంకో ఎత్తు. లాక్‌డౌన్ పడగానే ఖాళీ చేయండి ఖాళీ చేయండి అని పిల్లల్ని బయటికి తోశారు, వాళ్లు పోలీస్ స్టేషన్ల ముందు లైన్లు కట్టి ఊరెళ్లడానికి ఎన్ఓసీలు, అంటే అభ్యంతరం లేదన్న కాగితాలు, తెచ్చుకున్నారు, తీరా మార్చి 25న ఆ కాగితాలు పట్టుకుని ఆంధ్రా సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాకా పోతే ఆంధ్రా వాళ్లు మీ కాగితం మాకు చెల్లదు ముందు క్వారంటైన్ అన్నారు. హాస్టల్ ఓనర్ ఉండనివ్వడు, సొంత రాష్ట్రం రానివ్వదు. పాపం ఆ రాత్రి రోడ్డు మీద నిలబడ్డ పిల్లలకి అర్థమైన విషయం ఏంటంటే రాష్ట్రానికి కూడా ఒక ఓనర్ ఆంటీ ఉంటుందని, ఆవిడ కూడా గ్రిల్ వెనకాల నుంచే మాట్లాడుతుందని. తర్వాత తెలంగాణ ప్రభుత్వం హాస్టళ్ల వాళ్లని గట్టిగా మందలించి ఎవర్నీ పంపకండి అని చెప్పింది లెండి, అప్పటికి బ్యాగులు సర్దడం అయిపోయింది.

సరే, ఇదంతా లోపలికి రానివ్వకపోవడం. అసలు రసం ఉన్నది లోపలికి రావడంలో.

ఎవరూ ఎక్కడికీ పోకూడని ఆ రోజుల్లో కూడా ఆగకుండా నడిచిన రవాణా ఒక్కటే, ఓనర్ గారు తన ఇంట్లోంచి టెనెంట్ ఇంట్లోకి నడిచే రవాణా. బాత్రూమ్ గోడకి చెమ్మ చూడాలి, గీజర్ ప్లగ్గు చూడాలి, పైన ట్యాంకు వాల్వుకీ మీ కిచెన్ పంపుకీ ఏదో సంబంధం ఉందని ప్లంబర్ ఫోన్‌లో చెప్పాడు, అది చూడాలి. అన్నిటికంటే ముఖ్యం, టులెట్ బోర్డు చూసి వచ్చిన పార్టీకి ఇల్లు చూపించాలి.

నిజాంపేట వైపు ఒక డబుల్ బెడ్‌రూమ్‌లో జరిగింది చెప్తాను. కుర్రాడు సాఫ్ట్‌వేర్, హాల్లో డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పైన ఇస్త్రీ చొక్కా కింద లుంగీతో క్లయింట్ కాల్‌లో ఉన్నాడు. బెల్ కొట్టలేదు, తలుపు తోసుకునే వచ్చారు, ముందు అంకుల్, మాస్కు గడ్డం కింద, వెనకాల నలుగురు, అందులో ఒకాయన అప్పుడే బయట ఉమ్మేసి వచ్చినట్టున్నాడు, ఇంకా మూతి తుడుచుకుంటున్నాడు.

"అంకుల్, కాల్‌లో ఉన్నానండీ."

"నువ్వు మాట్లాడుకో బాబూ, మాకేం డిస్టర్బెన్స్ లేదు."

ఆ పెద్దమనిషి పెద్దరికం గమనించారా. వచ్చినావిడ తిన్నగా కిచెన్‌లోకి పోయి పంపు తిప్పింది, మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయమ్మా అని అంకుల్ చెప్పాడు, బోరు ఇరవై నాలుగ్గంటలూ అన్నాడు, అది విని కుర్రాడు కాల్ మధ్యలోనే ఒకసారి తలెత్తి చూశాడు, అంకుల్ చూడనట్టు ఊరుకున్నాడు. దేవుడి అలమర తెరిచారు, బీరువా తెరిచారు, "ఈ కబోర్డ్‌లు మనవే" అని లోపల వేలాడుతున్న బనియన్లతో సహా చూపించారు. ఒకాయన గోడ మీద వేలు మడిచి కొట్టి చూశాడు, ఇంకొకాయన ఈశాన్యం ఎటుందని కంపాస్ యాప్ తీసి సరిగ్గా ల్యాప్‌టాప్ కెమెరా వెనకాల నిలబడి గుండ్రంగా తిరిగాడు. అవతల అమెరికావాడు ఎవరు వీళ్లంతా అనడిగితే కుర్రాడు ఏం చెప్పగలడు, ఫ్యామిలీ అన్నాడు. ఆవిడ వెళ్తూ వెళ్తూ "ఎందుకు ఖాళీ చేస్తున్నావు నాయనా" అని ఆప్యాయంగా అడిగింది, కుర్రాడు మ్యూట్ నొక్కాడు, అంకుల్ గారి వైపు చూశాడు, అంకుల్ గారు సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు. ఆఖర్న అందరూ బయటికి పోయాక అంకుల్ ఒక్కడూ వెనక్కొచ్చి తల లోపలికి పెట్టి చెప్పిన మాట వినండి.

"డోర్ హ్యాండిల్‌కి శానిటైజర్ కొట్టుకో బాబూ, ఎవరెవరో వచ్చి పోతున్నారు, రోజులు బాలేవు."

అలాగని టెనెంట్లు నోట్లో వేలు పెడితే కొరకలేని అమాయకులేం కాదు. అగ్రిమెంట్‌లో ఏ పేరా చేయలేని పని ఒక్క పొడి దగ్గు చేస్తుందని ఏప్రిల్ కల్లా వాళ్లు కనిపెట్టేశారు. బెల్ మోగుతుంది, లోపల్నుంచి రెండు దగ్గులు, "ఎవరండీ" అని నీరసంగా ఒక గొంతు, అంతే, చెప్పుల చప్పుడు మెట్లు దిగి పోతుంది. కిరాయి ఐదో తారీఖున ఇవ్వాలని ఉంటే సరిగ్గా నాలుగో తారీఖున ప్రైమరీ కాంటాక్ట్ అయిపోయినవాళ్లు నాకు తెలుసు, ప్రతి నెలా అయ్యేవాళ్లు, ఇరవయ్యో తారీఖుకల్లా కోలుకునేవాళ్లు. ఓనర్లు మాత్రం తక్కువ తిన్నారా, ఆ దెబ్బతోనే డెబ్బై ఏళ్ల పెద్దాళ్లు కూడా గూగుల్ పే నేర్చేసుకుని, రమ్మంటే రాని కిరాయిని మెసేజ్‌లు పెట్టి పెట్టి రప్పించుకున్నారు. పైగా ఈ దగ్గు విద్యలో ఒక పెద్ద ఇబ్బంది ఉంది, కాస్త గట్టిగా దగ్గితే అసోసియేషన్ వాళ్లు వచ్చి తలుపుకి అడ్డంగా టేపు వేసి కాగితం అతికించి పోయేవాళ్లు, ఇక పాల ప్యాకెట్టు కూడా తాడుకి కట్టి పైకి లాక్కోవడమే. అధికారులు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప కోవిడ్ ఇళ్ల బయట పోస్టర్లు అతికించక్కర్లేదని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. మన అసోసియేషన్ సెక్రటరీ గారికి ఆ తీర్పు చేరినట్టు లేదు, ఆయన గ్రూపులో గుడ్ మార్నింగులు తప్ప ఏదీ డౌన్‌లోడ్ చేయడు.

చట్టం ఏమంటుందంటారా. పాపం చట్టం ఎప్పుడో 1882లోనే ఆలోచించింది. ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్‌లో ఓనర్ సమంజసమైన వేళల్లో వచ్చి ఇల్లు ఎలా ఉందో చూసుకోవచ్చనీ ఉంది, అదే సెక్షన్‌లో కిరాయి కడుతున్నంత కాలం టెనెంట్ ఏ ఆటంకం లేకుండా ఉండొచ్చనీ ఉంది. ఓనర్లకి మొదటి ముక్క కంఠతా వచ్చు, టెనెంట్లకి రెండోది. సమంజసమైన వేళ అంటే ఏ వేళో, తెల్లవారి పాలవాడి కంటే ముందా, జూమ్ మీటింగ్ నడిమధ్యనా, ఆ దొరలు రాసిపెట్టి పోలేదు. తర్వాత కేంద్ర క్యాబినెట్ 2021 జూన్‌లో మోడల్ టెనెన్సీ యాక్ట్‌కి ఓకే చెప్పింది, అందులో ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగానో ఫోన్ మెసేజ్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలోనో నోటీసు ఇవ్వాలి అని రాసి పెట్టారు. సెకండ్ వేవ్ తగ్గుముఖం పట్టాక వచ్చిందనుకోండి, అయినా మంచిదే. నాకు తెలిసిన ఒక ఓనర్ గారికి ఈ సంగతి చెప్తే ఎంతో సంతోషించారు, "అదే కదయ్యా నేను మొదట్నుంచీ అంటున్నది, 24 గంటలూ రావచ్చని" అన్నారు. ఆయన్ని దిద్దడం నా వల్ల కాలేదు. పైగా ఆ చట్టం బిల్డర్ చూపించే శాంపిల్ ఫ్లాట్ లాంటిది, రాష్ట్రాలు వచ్చి చూసి బాగుందని మెచ్చుకుని వెళ్తాయి, అందులో కాపురం పెట్టాలంటే ఎవరికి వాళ్లు మళ్లీ కట్టుకోవాల్సిందే.

అంటువ్యాధి పేరు చెప్పి ఇళ్లల్లోకి జొరబడటం మనకి కొత్త కూడా కాదు. కరోనా లాక్‌డౌన్ టైమ్‌లో దుమ్ము దులిపి బయటికి తీసిన ఎపిడమిక్ డిసీజెస్ యాక్ట్ 1897 నాటిది, బొంబాయి ప్లేగు కోసం తెచ్చింది. ఆ ఏడాదే పూనాలో రాండ్ అనే ప్లేగు అధికారి సోల్జర్లని ఇంటింటికీ పంపి, వంటిళ్లూ పూజ గదులూ అని చూడకుండా వెతికించాడు, జనానికి ఒళ్లు మండింది, జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు ఆయన్ని కాల్చారు. ఇది నేను కేవలం చరిత్ర జ్ఞానం కోసం చెప్తున్నాను, ఎవరికీ ఏమీ సూచించట్లేదు, అంకుల్ గారు బెల్ కొట్టి వస్తే చాలు.

కిరాయిల గొడవ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వలస కూలీల దగ్గర నెల రోజులు అద్దె అడగొద్దని, కూలీల్నీ విద్యార్థుల్నీ ఖాళీ చేయిస్తే చర్యలుంటాయని 2020 మార్చి 29న కేంద్రం ఆర్డరిచ్చింది, ఏప్రిల్‌లో అప్పటి మన ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రెస్‌మీట్ పెట్టి మూడు నెలల కిరాయి ఇప్పుడు అడగొద్దు, తర్వాత వాయిదాల్లో తీసుకోండి, వేధిస్తే 100కి ఫోన్ చేయండి అన్నారు. టెనెంట్లు మొదటి సగం విని టీవీ కట్టేశారు. ఓనర్లు మొదటి సగం అప్పుడు మోటార్ వేయడానికి వెళ్లారు.

నిజానికి ఓనర్ల భయం ఉత్త భయం కాదు, అది కూడా ఒప్పుకోవాలి. కింద పోర్షన్‌లో షుగరూ బీపీ ఉన్న ముసలి దంపతులు, పింఛను మందులకి సరిపోతే పై పోర్షన్ల కిరాయితో బ్యాంకు లోను కట్టుకుంటున్నవాళ్లు, పైన ఎవరో రోజూ బయట తిరిగి అదే గేటు గడియ ముట్టుకుంటుంటే గుండె దడదడలాడదా. ఆడుతుంది. ఆ గడియ ఓనర్ గారబ్బాయి ముట్టుకున్నప్పుడు కూడా అదే దడ వచ్చి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణే కాదు. టులెట్ చూడ్డానికొచ్చిన పార్టీ ముట్టుకున్నప్పుడైతే దడ కాదు కదా, అడ్వాన్స్ ఎంత ఇస్తారో అన్న ఆత్రం తప్ప ఆ మొహంలో ఇంకేమీ కనపడలేదు.

ఇప్పుడు వస్తున్న పదకొండు నెలల అగ్రిమెంట్లలో ఓనర్లు జాగ్రత్త పడి మహమ్మారి అని ఒక పేరా చేర్పిస్తున్నారు. మొన్న ఒకటి నా చేతికొచ్చింది, వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద టైప్ చేసింది, పాతదాన్నే కాపీ కొట్టి పేర్లు మార్చేటప్పుడు టైపిస్ట్ ఎక్కడో తడబడినట్టున్నాడు, ఆ ఒక్క పేరాలో ఓనర్ ఉండాల్సిన చోట టెనెంట్, టెనెంట్ ఉండాల్సిన చోట ఓనర్ పడింది. దాని ప్రకారం ఈసారి ఏదైనా మహమ్మారి వస్తే ఓనర్ గారు టెనెంట్ అనుమతి లేకుండా గేటు దాటకూడదు, బంధువుల్ని రానివ్వకూడదు, లిఫ్ట్ ఎక్కకూడదు, పనిమనిషిని మాన్పించాలి, ఎప్పుడు అడిగితే అప్పుడు తన పోర్షన్ తలుపులు తీసి చూపించాలి. ఇద్దరూ చదవకుండానే ప్రతి పేజీ మీదా సంతకాలు పెట్టారు, ఇద్దరు సాక్షులు కూడా పెట్టారు. టెనెంట్ పోయిన వారమే తీరిగ్గా కూర్చుని చదువుకున్నాడట, గడువు ఇంకా నాలుగు నెలలుంది, అప్పట్నుంచి రోజూ పొద్దున్నే న్యూస్‌లో చైనా వార్తలు మహా శ్రద్ధగా చూస్తున్నాడు.