సవరణ: ‘బ్లూ మండే’ కవర్ వాయించేవాళ్ళకి

కోనసీమ తీర్థాల్లో, భీమవరం పెళ్ళి వేదికల మీద ఎలక్ట్రానిక్ సెట్ వాయించే జట్ల కోసం ‘బ్లూ మండే’ పాట కవర్‌పై (వేరే జట్టు పాటని మనం మళ్ళీ వాయించడం) ఇదివరకు ఇచ్చిన సూచనల్లో ఈ మార్పులు చేసుకోండి.

ఆ సూచనల్లో పాట అమెరికన్ రాక్ జట్టు ఆర్జీదని ఉంది. వాళ్ళది 1998 నాటి కవర్. మూలం 1983లో మాంచెస్టర్ జట్టు న్యూ ఆర్డర్ చేసింది.

డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీటు) డిలేకి, అంటే ప్రతిధ్వని వచ్చే ఆలస్యానికి, 461 మిల్లీసెకన్లు అని ఉంది. అది క్వార్టర్ నోటుకి, అంటే ఒక బీటుకి, సరిపోయే లెక్క. నిమిషంలోని 60,000 మిల్లీసెకన్లని పాట వేగం 130 బీపీఎంతో (నిమిషానికి బీట్లు) భాగిస్తే సుమారు అదే వస్తుంది. డాటెడ్ ఎయిత్ కావాలంటే 0.75తో గుణించి 346 పెట్టాలి. 461 దగ్గరే వదిలేస్తే, బీట్ మీద వాయించిన నోటు ప్రతిధ్వని తర్వాతి కిక్ డ్రమ్ దెబ్బ మీద పడి దాన్లోనే కలిసిపోతుంది.

సింత్ (సింథసైజర్) మెలడీని బార్ (నాలుగు బీట్ల ఆవృత్తం) మొదటికి సర్దమన్న మాట పూర్తిగా తీసేయండి. ప్రోగ్రామ్ చేసేటప్పుడు న్యూ ఆర్డర్ కీబోర్డిస్ట్ గిలియన్ గిల్బర్ట్ ఒక నోటు వదిలేయడం వల్ల మెలడీ డ్రమ్స్‌తో కలవకుండా జరిగి నడుస్తుంది. పాటకి ప్రాణం అక్కడే ఉంది. డ్రమ్స్, బేస్ ముందు గట్టిగా కట్టుకోండి. మెలడీని విడి క్లిప్‌గా పెట్టి, ఒక్కో సిక్స్‌టీంత్ (పావు బీటు) చొప్పున, అంటే సుమారు 115 మిల్లీసెకన్లు, జరుపుతూ మూలంతో పోల్చి వినండి. నోట్లు గ్రిడ్ (బీట్ల గీతలు) మీద సరిగ్గా ఉన్నా పరవాలేదు, మెలడీ లూప్ ఎక్కడ మొదలవుతుందన్నదే ముఖ్యం.

ఇక అనలాగ్ సింత్ శ్రుతి జారడానికి ప్రధాన కారణం గోదావరి గాలిలో తేమ అని ఉంది. అది కాదు, ఉష్ణోగ్రత. అరగంట ముందే స్విచ్ వేసి వేడెక్కనిచ్చి ట్యూన్ చేయండి. పొద్దు వాలి వేదిక చల్లబడ్డాక ఇంకోసారి చూసుకోండి.