బయటివాళ్లకు లోపల కుర్చీలు వేయు విధానం

హనుమకొండలో గల్లీకో కోచింగ్ సెంటర్ ఉన్నట్టే త్వరలో గల్లీకో ఫిల్మ్ క్లబ్ కూడా వచ్చేలా ఉంది. సంతోషమే. కాకపోతే సరైన కట్టుబాట్లు లేకపోతే జనం నిజంగానే సినిమా చూసే ప్రమాదం ఉంది. అందుకే మొన్న మా క్లబ్‌లో 'ఆధ్యాత్మికత - బయటివాళ్లు' అనే అంశం మీద జరిగిన చర్చను అందరూ ఆదర్శంగా తీసుకోవాలని నా మనవి.

మనవాళ్లు ఎంచుకున్న సినిమా 'సంస్కార'. 1970 నాటి కన్నడ చిత్రం. తీసింది నెల్లూరు తెలుగువాడు పట్టాభిరామిరెడ్డి, కెమెరా ఆస్ట్రేలియా నుంచి వచ్చిన టామ్ కోవన్‌ది. బయటివాళ్ల కోటా టైటిల్స్‌లోనే నిండిపోయింది. మద్రాసు సెన్సారు వాళ్లు ఆపేసిన ఈ సినిమాకే జాతీయ ఉత్తమ చిత్రం అవార్డు వచ్చింది. ఆచారాలన్నీ మంటగలిపిన నారణప్ప అగ్రహారంలో చచ్చిపోతాడు. దహనం ఎవరు చేయాలో తేలదు. తేలేదాకా ఎవరూ అన్నం ముట్టకూడదు. వాళ్లు శాస్త్రాలు తిరగేస్తుంటారు, శవం కుళ్లిపోతుంటుంది.

ఈ నియమాన్ని మా నిర్వాహకులు ఎంత భక్తిగా పాటించారంటే, అధ్యక్షోపన్యాసం అయ్యేదాకా టిఫిన్ ముట్టనివ్వలేదు. మూలన బల్ల మీద మిర్చీల పళ్లెం, దాని మీద పేపరు. మొదటి వక్త లేచేటప్పటికి ఆ పేపర్లో మంత్రిగారి ఫోటో స్పష్టంగానే ఉంది. మూడో వక్త కూర్చునేసరికి నూనె పీల్చి, మంత్రిగారి ముఖంలోంచి మిర్చి కాడలు కనబడుతున్నాయి.

చర్చలో ముఖ్యమైన నియమం ఒకటుంది. మాట్లాడే ప్రతివాళ్లూ తాము బయటివాళ్లమని నిరూపించుకోవాలి. నక్కలగుట్టలో మూడంతస్తుల ఇల్లున్న రిటైర్డు ఆఫీసరుగారు "ఈ సమాజం నన్నెప్పుడూ తనలో కలుపుకోలేదు" అన్నారు, ఏసీ గాలి సూటిగా తగిలే కుర్చీలోంచి లేచి. ప్లాట్ల వ్యాపారం చేసే మిత్రుడు తన వెంచర్లలోనే తాను పరాయివాణ్ణన్నాడు. (కొన్నవాళ్లలో కొందరికి ఆ అనుభూతి ఇంకా గట్టిగా ఉందని విన్నాను.) మరొకాయన తాను ఆధ్యాత్మికుణ్ణే గానీ భక్తుణ్ణి కానని, భద్రకాళి గుడికి వెళ్లేది చెరువుగాలి కోసమేనని వివరణ ఇచ్చారు.

ఇంతలో ఏటూరునాగారం వైపు నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుతున్న ఒక పిల్ల లేచింది. "సార్, పన్ను కట్టమని కాకతీయుల సైన్యం మీదికొస్తే కొట్లాడి పోయిన తల్లి సమ్మక్క అని మావోళ్లు చెప్తరు. ఆమెకాడికి రెండేండ్లకోసారి బంగారమని బెల్లం మోసుకపోతం. ఊర్ల మాత్రం ఎటు చూసినా కాకతీయ తోరణమే. గిందుల బయటోళ్లెవరు సార్?"

అధ్యక్షులవారు ఏమాత్రం తడబడలేదు. "చాలా మంచి ప్రశ్నమ్మా, జాతర సీజన్లో దీనికి వేరే ప్రోగ్రాం పెట్టుకుందాం" అంటూ మైకు వెనక్కి తీసుకున్నారు. తాను బయటిదాన్నని ఆ పిల్ల ఒక్కసారి కూడా చెప్పుకోలేదు కాబట్టి ఆ మాత్రం క్రమశిక్షణ అవసరమే.

తర్వాత వందన సమర్పణ ఎవరు చేయాలన్న దగ్గర చిక్కొచ్చింది. కార్యదర్శి, సహ కార్యదర్శి ఇద్దరూ క్లబ్ నియమావళి తెరిచారు. అప్పటికి తెర మీద, నారణప్పతో కలిసి బతికిన చంద్రి ఒక ముస్లిం సాయంతో రాత్రికి రాత్రే దహనం కానిచ్చేసింది. అగ్రహారానికి ఆ సంగతి తెలియదు. మా హాలుకూ తెలియలేదు, తెరకు వీపు పెట్టి వాదించుకుంటున్నారు కదా.

ఆఖరికి "ఇక టిఫిన్" అని ప్రకటించి పేపరు ఎత్తితే కింద ఉల్లిపాయ ముక్కలు మాత్రమే ఉన్నాయి. వాచ్‌మన్, కింద స్టాండులోని ఆటోవాళ్లు ఏ వాదనా లేకుండా పని పూర్తిచేసినట్టు అనుమానం. నిజం తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు. నివేదికను వచ్చే నెల సినిమాకు బదులుగా చదువుతారు.