స్క్వాట్‌లో బార్ జారితే తప్పు ప్యాడ్ లేకపోవడమా, వీపుదా?

అన్నదమ్ములిద్దరిదీ నెల్లూరు, బెంగళూరు మారతహళ్ళిలో ఒకే పీజీలో ఉంటారు. మొన్న సాయంత్రం జిమ్‌లో స్క్వాట్ చేస్తుంటే, అంటే వీపు మీద బరువుల కడ్డీ (బార్) పెట్టుకుని గుంజీలా కూర్చుని లేస్తుంటే, నాలుగోసారి తమ్ముడి వీపు మీద ప్లేట్లతో కలిపి 60 కిలోల బార్ ఎడమవైపుకి జారింది. పడే బార్‌ని ఆపే సేఫ్టీ బార్లు పక్కన ఉన్నాయి కాబట్టి సరిపోయింది. జిమ్ మెట్లు దిగుతూనే మొదలైన వాదన ఇది.

తమ్ముడు: ప్యాడ్ వేసుకోలేదన్నా, అందుకే జారింది. ఇకమీదట ఆ స్పాంజి ప్యాడ్ లేకుండా బార్ కిందకి దూరను. మెడ చూడు, ఎలా కమిలిందో.

అన్న: చూశాను. తల వంచితే మెడ కింద బొడిపెలా తగిలే ఎముక ఉంది కదా, సరిగ్గా దాని మీదే కమిలింది. అక్కడ ఇనుము పెడితే నొప్పి పుట్టక ఏమవుతుంది? కాస్త కిందకి దించి, మెడ నుంచి భుజాల దాకా ఉండే ట్రాప్స్ కండ మీద పెట్టుకో. ప్యాడ్ వేస్తే బార్ వీపుకి ఇంకా దూరం జరుగుతుంది, పైగా బార్ మధ్యలో చొక్కాని పట్టుకోవడానికి ఉన్న గరుకంతా స్పాంజి కింద పోతుంది.

తమ్ముడు: నీకేం, నీ భుజాలు తిరుగుతాయి. పొద్దున్నుంచి ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునేవాణ్ణి, చేతులు దగ్గరికి పెట్టమంటే భుజం ముందువైపు పీకుతుంది, మణికట్టు వెనక్కి మడతపడుతుంది. ప్లేట్ల దగ్గర పట్టుకుంటేనే నాకు హాయి.

అన్న: ఆ హాయి వీపు వదులైపోవడం వల్ల వచ్చింది, అది మాత్రం నేను ఒప్పుకోను. చేతులు అంత దూరం పెడితే భుజం రెక్కలు దగ్గరికి రావు, వీపు చదునుగా ఉండిపోతుంది, దాని మీద గుండ్రటి కడ్డీ నిలుస్తుందా చెప్పు. రెక్కలు లాగి బిగిస్తే కండ ఉబ్బి గట్టులా లేస్తుంది, బార్ కూర్చునేది ఆ గట్టు మీదే, చేతులు దాన్ని అక్కడ అదిమి ఉంచితే చాలు. మణికట్టు మడతపడిందంటే చేతులతో మోస్తున్నావనే.

తమ్ముడు: మరి భుజం పీకితే?

అన్న: అక్కడ నీదే రైటు. నాకు కుదిరిన వెడల్పు నీకు కుదరాలని లేదు, నొప్పి లేకుండా ఎంత దగ్గరికి వస్తే అంతే. బొటనవేలు కూడా బార్ పైనుంచి వేసి చూడు. లో బార్ అనే పద్ధతి జోలికి మాత్రం ఇప్పుడే పోకు, అది ఇంకా కింద, భుజాల వెనక కండ మీద ఉంటుంది, దానికి భుజాలు ఇంకా ఎక్కువ తిరగాలి.

తమ్ముడు: వీపు వదులైతే ఎటైనా జారాలిగా, ఎడమకే ఎందుకు జారింది? చెమటే అంటాను.

అన్న: చెమట కొంత కారణమే, ఆ జారుడు టీషర్టు మానేసి కాటన్ వేసుకో. కానీ వెనకాల నిలబడి నేను చూశాను. నీ ఎడమచెయ్యి బార్ మీది గీత దగ్గరుంది, కుడిచెయ్యి గీతకి నాలుగు వేళ్లు బయట. అంటే నువ్వు కుడికి జరిగి ఉన్నావు, బరువు ఎడమకి మొగ్గింది. గీతల మధ్య దూరం పవర్‌లిఫ్టింగ్ బార్‌కి 81 సెంటీమీటర్లు, ఒలింపిక్ బార్‌కి 91. ఏ బార్ తీసినా రెండు చేతులూ గీతకి సమానంగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

తమ్ముడు: బార్ ఆనించే స్టాండు హుక్కులు కూడా ఎత్తుగా ఉన్నాయిలే, మునివేళ్ల మీద లేచి తీశాను.

అన్న: ఆ పాటికే బిగువంతా పోయుంటుంది! హుక్కులు రొమ్ము మధ్యకి దించుకో, బార్ లేపే ముందే ఊపిరి పొట్టలోకి పీల్చి బిగించు, వెనక్కి రెండు మూడు అడుగులు చాలు.

తమ్ముడు: సరే, రేపు ఖాళీ బార్‌తో చేస్తాను, 20 కిలోలే. మెడకి తగిలితే మాత్రం ప్యాడ్ వేసుకుంటాను.

అన్న: వేసుకో. ముందు ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించు.