సవరణ: స్కాన్ చేసి కట్టడానికి ప్రతి క్రెడిట్ కార్డూ పనికిరాదు

"క్రెడిట్ కార్డు ఇంట్లో వదిలేసి, ఫోన్ ఒక్కటే పట్టుకుని గంటస్తంభం బజారుకు వెళ్లొచ్చు" అని విజయనగరం సిరిమాను పండగ షాపింగ్ గురించి నేను పెట్టిన పోస్టులో ఉంది. ఆ మాట అన్ని కార్డులకూ వర్తించదు.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, యూపీఐలో క్రెడిట్ కార్డు మీద కట్టే వీలు రూపే (మన దేశపు కార్డు నెట్‌వర్క్) కార్డులకే ఉంది. రిజర్వ్ బ్యాంకు 2022లో దీనికి అనుమతి ఇచ్చింది. వీసా, మాస్టర్‌కార్డ్ ఉన్నవాళ్లు ఫోన్‌ను స్వైపింగ్ మిషన్‌కు ఆనించి కట్టాలి. దానికి ఫోన్‌లో ఎన్ఎఫ్‌సీ (దగ్గర పెడితే చాలు, తీగ లేకుండా సమాచారం పంపే సదుపాయం) ఉండాలి, ఆ కార్డును ఫోన్‌లో చేర్చుకోవడానికి మీ బ్యాంకు ఒప్పుకోవాలి, షాపులో ట్యాప్ తీసుకునే మిషనూ ఉండాలి. విజయనగరంలో అలాంటి మిషన్లు పెద్ద షోరూముల్లోనే ఎక్కువ.

రూపే వాళ్లకూ ఓ మెలిక ఉంది. క్రెడిట్ కార్డు డబ్బు వ్యాపారి పేరున నమోదైన క్యూఆర్‌కే వెళ్తుంది. మన దగ్గర అరటిపళ్ల బండి, టీ కొట్టు వాళ్లు చాలామంది సొంత ఖాతా క్యూఆరే పెట్టుకుంటారు (వాళ్లను తప్పుపట్టలేం). అక్కడ చెల్లింపు ఆగిపోతే కార్డు పాడైందని టెన్షన్ పడొద్దు, బ్యాంకు ఖాతా ఎంచుకుని కట్టేయండి. బావమరిదికి పంపాలన్నా అంతే, క్రెడిట్ కార్డు మీద కుదరదు.

ట్యాప్ చేసినప్పుడు కార్డు నంబరు షాపువాళ్లకు తెలిసిపోతుందని ఆ పోస్టులో రాసిన భాగం మాత్రం తీసేశాను. ఫోన్ నుంచి మిషన్‌కు వెళ్లేది అసలు నంబరు కాదు, దానికి బదులుగా ఇచ్చే టోకెన్.