మహారాజశ్రీ 23 కేజీల సూట్‌కేసు గారికి

మహారాజశ్రీ సూట్‌కేసు గారి సముఖమునకు, పరాయి దేశాల్లో చదువుకుంటూ సెలవులకు ఇంటికి బయల్దేరే విద్యార్థులందరూ నమస్కరించి వ్రాయు విన్నపం. ఉభయకుశలోపరి.

పరీక్షలు అయిపోయాయి కాబట్టి ఇక తమరి ఏలుబడి మొదలు. టికెట్ కొన్నది మేము, సీట్లో నడుములు విరగ్గొట్టుకోబోయేదీ మేమే. కానీ ఏ వస్తువు ఇంటిదాకా రావాలో, ఏది హాస్టల్ గదిలోనే పడి ఉండాలో తేల్చేది మాత్రం తమరు. ఆ తీర్పులు చెప్పే తమరి నిజాయితీ మీదే మాకు కొన్ని అభ్యంతరాలున్నాయి. చిత్తగించండి.

మొదటిది తమరి ఒంటి బరువు. 28 అంగుళాల పెట్టె ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు నుంచి ఐదు కేజీలు తూగుతుంది. విమానం వాళ్ళు మాకిచ్చేది 23. అందులో ఐదో వంతు తమరే ఆరగించి, మిగిలిన దాంట్లో సర్దుకోమంటారు. కొనేటప్పుడు మా బుద్ధీ అలాగే ఏడ్చిందనుకోండి. రంగు చూస్తాం, లోపలి అరలు లెక్కపెడతాం, లేబుల్ మీద బరువు మాత్రం చదవం. కేజీ తక్కువ తూగే పెట్టె తీసుకుంటే తమరు బతికున్నంత కాలం ప్రతి ప్రయాణంలోనూ ఆ కేజీ మాదే అయ్యేది.

కొలతల్లోనూ అంతే. పొడవు, వెడల్పు, మందం మూడూ కూడితే 158 సెంటీమీటర్లు దాటకూడదని చాలా సంస్థల నియమం. చక్రాలూ హ్యాండిలూ కూడా ఆ లెక్కలోవే. షాపులో చెప్పే 28 అంగుళాలు ఒట్టి డబ్బా ఎత్తు కావచ్చు. టేపు పట్టుకుని కింద చక్రం నుంచి కొలిస్తే తమరిలో కొందరి బండారం బయటపడుతుంది. ఇక ఆ నడుం చుట్టూ ఉండే రెండో జిప్పు ఉందే, అది విప్పితే తమరి పొట్ట నాలుగైదు సెంటీమీటర్లు ముందుకొస్తుంది. కొలతా దాటుతుంది, బరువూ దాటుతుంది. ఆ జిప్పు జోలికి పోకపోవడమే ఉత్తమం.

వాక్యూమ్ కవర్ల సంగతి వేరే చెప్పాలి. బట్టలు కవర్లో పెట్టి గాలి లాగేస్తే అప్పడంలా అణుగుతాయి. చోటు మిగిలిందన్న సంబరంలో ఆ చోట్లో పుస్తకాలు పేరుస్తాం. గాలి బరువు లెక్కలోకి రాదు, పుస్తకం బరువు వస్తుంది. ఏ4 సైజు, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) కాగితం ఒక్కటి ఐదు గ్రాములు. అవి 500 ఉన్న కట్ట రెండున్నర కేజీలు. సెమిస్టర్ నోట్సు మొత్తం ఇంటికి తెచ్చి సెలవుల్లో చదువుతామనే పవిత్ర సంకల్పం బరువు అక్షరాలా అంత. ఆ నోట్సు వెళ్ళినట్టే తిరిగొస్తుందని తమరికీ తెలుసు, మాకూ తెలుసు. ఫోనుతో స్కాన్ చేసి పెట్టుకుంటే సున్నా గ్రాములు. చదవకపోవడానికి ఆ పద్ధతైనా సరిపోతుంది.

ఇప్పుడు తూకం. ఇంట్లో మనుషులు ఎక్కే కాటా మీద తమరిని పడుకోబెడితే అంకెలు తమరి పొట్ట కిందే దాక్కుంటాయి. అందుకని మొదట ఒంటరిగా ఎక్కి ఒకసారి, తమరిని చంకనెత్తుకుని ఎక్కి ఇంకోసారి చూసి తీసివేత చేస్తాం. కాటా కార్పెట్ మీద ఉంటే ఆ అంకెను నమ్మకూడదు, గట్టి నేల మీదే పెట్టాలి. కొక్కేనికి తగిలించే చిన్న డిజిటల్ కాటా అయితే తమరిని గాల్లోకి లేపి, మోకాలికి ఆనకుండా, బీప్ వచ్చేదాకా ఊపిరి బిగబట్టాలి. చేయి వణికితే అంకె కూడా వణుకుతుంది. రెండుసార్లు తూచి, పెద్దదాన్నే నమ్మి, పైన అర కేజీ వదిలేస్తే నిద్ర పడుతుంది. 22.9 దగ్గర ఆపి విజయం సాధించామనుకునేవాళ్ళకి విమానాశ్రయంలో వేరే అంకె ఎదురుచూస్తూ ఉంటుంది.

ఎందుకంటే దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలి కదా. 23.4 చూసీ చూడనట్టు వదిలేసే కౌంటర్లున్నాయి, 23.2 కే పెట్టె తెరవమనే కౌంటర్లూ ఉన్నాయి. ఆ దృశ్యం తమరికి వేడుక. బెల్టు మీద ఎర్రగా 24.3 వెలుగుతుంది. వెనక వరసలో 40 మంది. మనిషి నేల మీద మోకాళ్ళూని తమరి జిప్పు లాగుతాడు. తమరు చిప్ప తెరిచినట్టు రెండుగా పడుకుని, ఎవరికీ చూపించకూడదనుకున్న సరుకంతా హాలుకి ప్రదర్శిస్తారు. ఆ కంగారులో తీసేవి మేజోళ్ళూ టీషర్టులూ. నాలుగైదు తీసినా కేజీ తగ్గదు. బరువైనవి ఎక్కడో అడుగున, చక్రాల వైపు, బట్టల సమాధిలో ఉంటాయి.

దీనికి విరుగుడు ఇంట్లోనే చేసుకోవాలి. చిన్నగా ఉండి ఎక్కువ తూగేవి, అంటే బూట్లు, ఒకటి రెండు పుస్తకాలు, ఛార్జర్ల మూట, ఒక గుడ్డ సంచిలో వేసి అన్నిటికన్నా పైన పెట్టాలి. కౌంటర్లో ఎర్ర అంకె కనపడగానే ఆ సంచి ఒక్కటి లాగితే రెండు కేజీలు దిగుతాయి. అది క్యాబిన్ బ్యాగులోకి పోతుంది. క్యాబిన్ బ్యాగుని కూడా తూచే సంస్థలున్నాయి, వాటిలో చాలా చోట్ల ఏడు కేజీలే హద్దు. అప్పుడు మందపాటి కోటు తొడుక్కుని, జేబుల్లో ఛార్జర్లు కుక్కుకుని, ఎండాకాలంలో చెమటలు కక్కుతూ నిలబడాలి. మనిషిని తూచి టికెట్ ఇచ్చే పద్ధతి దాదాపు ఎక్కడా లేదు కాబట్టి ఆ దారి తెరిచే ఉంది.

టికెట్ మీద రాసింది చదవనివాళ్ళ తిప్పలు ఇంకో రకం. 2పీసీ అని ఉంటే రెండు పెట్టెలు, దేని హద్దు దానిదే. ఒకటి 26, ఇంకోటి 20 ఉంటే, కలిపితే 46 కదా అని వాదించి లాభం లేదు, 26 దానికి జరిమానా పడుతుంది. 30K (అంటే 30 కేజీలు) అని ఉంటే మొత్తం బరువే లెక్క, ఎన్ని పెట్టెలైనా ఫరవాలేదనే సంస్థలే ఎక్కువ. పీసు లెక్కలో ఇంకో చమత్కారముంది. 23 దాటితే 32 దాకా ఒకటే జరిమానా పెట్టే సంస్థలు చాలా ఉన్నాయి. 24 తూగినా అంతే, 31 తూగినా అంతే. కట్టక తప్పదనుకుంటే నిండా నింపి కట్టాలి. కానీ అంతకన్నా ముందే, ఆన్‌లైన్‌లో ఇంకో పెట్టెకి డబ్బు కడితే చవకేమో చూసుకోవాలి, విమానాశ్రయం ధర ఎప్పుడూ మొట్టేదే. 32 దాటితే మాత్రం డబ్బిస్తామన్నా దాదాపు ఎవరూ తీసుకోరు. ఎత్తేవాళ్ళ నడుముకీ ఒక హద్దుంటుంది.

తమరి వంశచరిత్ర కూడా ఎరుగుదుము. 1970లో బెర్నార్డ్ సాడో అనే ఆయన అరూబాలో సెలవులు గడిపి రెండు బరువు పెట్టెలు మోసుకొస్తూ తమరి పూర్వీకులకి చక్రాలు పెట్టాలనుకున్నాడు. 1972లో పేటెంటు వచ్చింది. పట్టీ కట్టి కుక్కపిల్లలా లాక్కెళ్ళే ఆ పెట్టె మలుపులో బోర్లా పడేది. 1987లో రాబర్ట్ ప్లాత్ అనే పైలట్ దాన్ని నిలబెట్టి, రెండు చక్రాలూ పొడుగు హ్యాండిలూ తగిలించాడు. తర్వాత నాలుగు చక్రాలొచ్చాయి. నున్నటి నేల మీద తమరి నడక చూడముచ్చటే. కానీ రెండు చక్రాలవి ఒంట్లోకి ఒదిగి ఉంటాయి, నాలుగు చక్రాలవి బయటికి పొడుచుకుని ఉంటాయి. సామాను విసిరే చోట మొదట విరిగేది పొడుచుకున్నదే.

తాళం గురించి రెండు మాటలు చాలు. తనిఖీ అధికారులు మాస్టర్ తాళంచెవితో తెరవగలిగే తాళాలు 2003 నుంచి వాడుకలో ఉన్నాయి. 2015లో ఆ మాస్టర్ తాళంచెవుల ఫొటోలు నెట్‌లో పాకిపోయాయి, త్రీడీ ప్రింటర్లతో నకళ్ళు వచ్చేశాయి. అసలు తాళం దాకా ఎందుకు, మామూలు జిప్పు పళ్ళ మధ్య బాల్‌పెన్ను గుచ్చితే విచ్చుకుంటుంది. తాళం వేసిన జిప్పు రన్నర్లని అటూ ఇటూ లాగితే మళ్ళీ మూసుకుంటుంది, ఆనవాలు కూడా ఉండదు. అంచేత తమరి కడుపులో నగలు, నగదు, ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్క్ దాచేవాడికి తాళం మీద కాదు, లోకం మీదే నమ్మకం ఎక్కువ.

పవర్ బ్యాంకు తమరికి అసలు పెట్టకూడదు. లిథియం బ్యాటరీ అంటుకుంటే క్యాబిన్లో ఆర్పడానికి మనుషులుంటారు, విమానం అడుగున ఉండే సామాన్ల అరలో ఉండరు. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్ల దాకా ఉంటే చేతిలో తీసుకెళ్ళవచ్చు. దాని మీద రాసి ఉండే ఎంఏహెచ్ అంకెని 3.7తో గుణించి 1000తో భాగిస్తే లెక్క తేలుతుంది: 20,000 అయితే 74. తమరి తమ్ముళ్ళు కొందరు ఊడదీయరాని బ్యాటరీ కడుపులో పెట్టుకుని స్మార్ట్ అని పేరు తగిలించుకున్నారు. 2018 జనవరి నుంచి చాలా సంస్థలు వాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేస్తున్నాయి. అతి తెలివికి తగిన శాస్తి.

ఇక అసలు బాధ, విమానం మారే చోట తమరు చేసే మాయ. పెట్టెలు ఆలస్యం కావడానికి పెద్ద కారణం అక్కడే ఉంది. మేము పరుగెత్తి 50 నిమిషాల్లో రెండో విమానం అందుకుంటాం. తమరికి పరుగు రాదు, తరవాతి దాంట్లో తీరిగ్గా దిగుతారు. కాబట్టి కౌంటర్లో తమరి మెడకి కట్టే టాగ్ మీద పెద్ద అక్షరాల్లో చివరి ఊరి మూడక్షరాల కోడ్ ఉందో లేదో అక్కడికక్కడే చూసుకోవాలి. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొంటే తమరు సాధారణంగా మధ్యలోనే దిగిపోతారు. అక్కడ తమరిని తీసుకోవడానికి ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, దానికి వీసా కావాల్సి రావచ్చు. టికెట్లో మిగిల్చుకున్న డబ్బు అక్కడ హరీ. పోయినసారి టాగ్ తాలూకు చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లు తమరి ఒంటి మీద మిగిలి ఉంటే పీకేయాలి, లేకపోతే యంత్రం పాతదాన్ని చదివి తమరిని ఎటో పంపించవచ్చు.

తమరు రాకపోతే బెల్టు ఆగిపోయేదాకా చూసి, హాలు దాటకముందే ఫిర్యాదు నమోదు చేయించి నంబరు తీసుకోవాలి. బయటికొచ్చాక చెబితే నమ్మించడం తల ప్రాణం తోకకి తెస్తుంది. విమాన ప్రయాణాల్లో నష్టపరిహారం గురించి దేశాలు చేసుకున్న 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం పెట్టె దెబ్బతింటే చేతికొచ్చిన ఏడు రోజుల్లోగా రాసి ఇవ్వాలి, ఆలస్యంగా వస్తే 21 రోజుల్లోగా. రావలసిన రోజు నుంచి 21 రోజులు దాటినా రాకపోతే పోయినట్టే లెక్క. పరిహారానికి గరిష్ఠ హద్దు 2024 డిసెంబర్ 28 నుంచి మనిషికి 1,519 ఎస్‌డీఆర్ (అంతర్జాతీయ ద్రవ్యనిధి విలువ కట్టే లెక్కల యూనిట్). హద్దు అంటే అంత ఇస్తారని కాదు. ఏముందో, ఎంత పెట్టి కొన్నారో చూపించాలి. అందుకే మూత వేసే ముందు తమరి కడుపుని ఒక ఫొటో తీసి ఉంచుకోవాలి. ఈలోగా బట్టలు కొనుక్కుంటే ఆ ఖర్చు అడగవచ్చు. ఇంటికే కదా వచ్చారు, బట్టలు ఉండవా అని ముఖం చాటేసే సంస్థలూ ఉన్నాయి. మా బట్టలన్నీ తమరి కడుపులోనే ఉన్నాయని వాళ్ళకి చెప్పేదెవరు?

తిరుగు ప్రయాణం మరీ ఘోరం. వచ్చేటప్పుడు ఒక్కరే సర్దారు, పోయేటప్పుడు ఇంటిల్లిపాదీ సర్దుతారు. తూచి మూత వేశాక కూడా, నిద్రపోతున్న వేళ, ఇంకో పొట్లం తమరి పక్క అరలో చేరుతుంది. అందుకని చివరి తూకం గుమ్మం దాటేటప్పుడే వేయాలి. సీసాలుంటే ఇంకో జాగ్రత్త. సామాన్ల అరలో కూడా గాలి ఒత్తిడి క్యాబిన్‌లోలాగే నేల మీది కన్నా తగ్గుతుంది, సీసాలోని గాలి ఉబ్బి మూతని నెడుతుంది. మెత్తటి సీసా అయితే నొక్కి గాలి తీసి బిగించాలి. మూత కింద ప్లాస్టిక్ పొర వేసి, జిప్ కవర్లు రెండు తొడిగి, బట్టల నడుమ నిలబెట్టాలి. అడ్డంగా పడుకోబెడితే కారిన సంగతి మిగతా బట్టలు చెబుతాయి.

కాలేజీ నమోదు పత్రాలూ వీసా కాగితాలూ మాత్రం ఎంత బతిమాలినా తమరికి ఇవ్వం. ఇమ్మిగ్రేషన్ కౌంటర్ ముందు వస్తుంది, తమరు తిరిగే బెల్టు తరవాత వస్తుంది. అధికారి కాగితం అడిగితే, అది గోడ అవతల పెట్టెలో తిరుగుతోందండీ అనడం ఎవరికీ మంచిది కాదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి బరువు మోసే విద్యార్థులు

తా.క.: తమరి ఎడమ వెనక చక్రం తిరగడం మానేసింది. ఇరుసుకి చుట్టుకున్న వెంట్రుకలూ దారాలూ కత్తెరతో తీసి చూశాం, అయినా కదల్లేదు. ఫిర్యాదుకి ఏడు రోజుల గడువు పోయినసారి సెలవుల మొదటి వారంతోనే దాటిపోయింది. స్క్రూలతో బిగించిన చక్రమైతే కొత్తది వేయిస్తాం, రివెట్లు కొట్టినదైతే ఈ ప్రయాణానికి కుంటుతూనే రండి.