ఆగితే శిక్ష, ఎగిరితే లాభమా?

ప్రైవేటు జెట్లు అద్దెకిచ్చే ఏ సంస్థ ప్రచారపత్రం తిరగేసినా 'భద్రత విషయంలో రాజీ లేదు' అన్న మాట ముందు కనిపిస్తుంది. ఒప్పందపత్రం చివర చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే షరతులు మాత్రం వేరే పాట పాడతాయి. సాంకేతిక లోపంతో విమానం కదలకపోతే ఇంకొకటి చూడటానికి 'ప్రయత్నిస్తాం' అంటారు. దాని అద్దె ఎక్కువైతే తేడా ప్రయాణికుడిదే. అదీ దొరక్కపోతే ఎగరని భాగానికి డబ్బు వాపసు, అంతటితో చేతులు దులుపుకుంటారు. అందరూ ఇలాగే రాసుకుంటారని కాదు గానీ, ఇలా రాసుకునేవారికి కొదవ లేదు.

సంపన్నుల జేబుకు చిల్లు పడుతోందన్నది మా బాధ కాదు. విమానం ఆగితే అందరికీ నష్టం, ఎగిరితే అందరికీ లాభం అన్న ఏర్పాటే మమ్మల్ని భయపెడుతోంది. లోపం ఉందని నోరు విప్పిన పైలట్ యజమానికి ఖర్చు తెచ్చినవాడవుతాడు, బ్రోకర్‌కు బేరం చెడగొట్టినవాడవుతాడు, ప్రయాణికుడికి శత్రువవుతాడు. నోరు మూసుకున్నవాడికి అందరూ మిత్రులే. ఎక్కడో దూరపు విమానాశ్రయంలో కనిపించిన లోపాన్ని అక్కడే లాగ్‌బుక్‌లో రాస్తే విమానాన్ని కట్టేయాల్సి వస్తుందని, సొంత స్థావరానికి చేరాక రాసే అలవాటు ఈ రంగానికి కొత్తేమీ కాదు.

2008 సెప్టెంబర్ 19 రాత్రి అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రం కొలంబియాలో ఏం జరిగింది? చార్టర్‌కు, అంటే మొత్తంగా అద్దెకు, తీసుకున్న లియర్‌జెట్ 60 విమానం రన్‌వేపై పరుగు తీస్తుండగా టైర్లు పేలిపోయాయి. టేకాఫ్ ఆపకూడని వేగం దాటాక కెప్టెన్ ఆపబోయారు. విమానం రన్‌వే దాటి దూసుకెళ్లి మంటల్లో చిక్కుకుంది. ఆరుగురిలో నలుగురు చనిపోయారు. ఆ టైర్లలో గాలి రోజుకు దాదాపు 2 శాతం తగ్గుతుంది, సుమారు మూడు వారాలుగా ఎవరూ చూడలేదని దర్యాప్తులో తేలింది. గాలి తగ్గిన సంగతి కంటికి కనిపించదు, గేజ్ పెడితేనే తెలుస్తుంది. నిమిషాల్లో అయ్యే పని. ఎవరూ అడగలేదు, ఎవరూ చెయ్యలేదు.

ఒత్తిడి మాటకొస్తే 2001 మార్చి 29న అమెరికాలోని కొలరాడో రాష్ట్రం ఆస్పెన్‌లో జరిగిన ప్రమాదం ఉండనే ఉంది. అక్కడ యంత్రలోపం లేదు, రాత్రి, మంచు, కొండలు. విమానాన్ని వేరే చోటికి మళ్లించే అవకాశం ఉందంటే చార్టర్ తీసుకున్న వ్యక్తి మండిపడ్డారన్న కబురు కెప్టెన్‌దాకా వెళ్లింది. విమానంలోని 18 మందీ మరణించారు. కస్టమర్ నుంచి వచ్చిన ఒత్తిడిని కూడా అమెరికాలో రవాణా ప్రమాదాలను దర్యాప్తు చేసే సంస్థ ఎన్‌టీఎస్‌బీ కారణాల్లో చేర్చింది. యంత్రలోపం దగ్గర ఆ ఒత్తిడి పనిచెయ్యదని ఎవరు హామీ ఇస్తారు?

యంత్రమన్నాక చెడిపోతుంది, విడిభాగం రావడానికి సమయం పడుతుంది అంటారు నిర్వాహకులు. నిజమే, కాదనం. ప్రతి చిన్న లోపానికీ విమానం ఆపనక్కర్లేదు. ఏది పనిచెయ్యకపోయినా ఎగరవచ్చో చెప్పే ఎంఈఎల్ జాబితా ఉంది. అందులో కొన్ని లోపాలను మూడు రోజుల్లో, కొన్నిటిని పది రోజుల్లో సరిచెయ్యాలన్న గడువులూ ఉన్నాయి. ఆ జాబితాకు లొంగని లోపం దగ్గరే అసలు పరీక్ష. అక్కడ బేరసారాలకు చోటు లేదు. మెకానిక్ ఆరు గంటలు కష్టపడి సరిచేసినా, అప్పటికి పైలట్ల డ్యూటీ సమయం ముగిసిపోవచ్చు. అమెరికాలో అది సాధారణంగా 14 గంటలు. 'బాగయిందిగా, ఇంకేం, పదండి' అనే మాట అక్కడే వస్తుంది. అనకూడని మాట కూడా అదే.

మరి ఆగినందుకు శిక్ష ఎందుకు? కెప్టెన్ భద్రతా కారణంతో నిలిపేసిన ప్రయాణానికి పూర్తి వాపసో, అదనపు వసూలు లేని ప్రత్యామ్నాయ విమానమో ఇస్తామని ఒప్పందంలోనే రాయాలి. ఆ నిర్ణయం తీసుకున్న పైలట్ జీతంలో ఒక్క పైసా కోయకూడదు. ఏ ఆపరేటర్ అనుమతిపత్రం మీద విమానం ఎగురుతోందో బ్రోకర్ ముందే చెప్పాలని అమెరికాలో 2019 నుంచి నిబంధన ఉంది. మిగతా దేశాల నియంత్రణ సంస్థలు ఎవరి కోసం ఆగుతున్నాయి? షరతులను ప్రమాదం జరిగాక చదవడం కాదు, ఆమోదించేముందు చదవాలి.

ప్రయాణికులకూ ఒక మాట. లక్షలు పోసి అద్దెకు తీసుకున్నది సీట్లను, సమయాన్ని. కెప్టెన్ నిర్ణయాన్ని కాదు. ఆయన 'కుదరదు' అన్నాక బ్రోకర్‌కు ఫోన్ చేసి అరవడం, యజమాని చేత ఆయనకు చెప్పించడం మీ దర్జా కాదు, మీ వెనక సీట్లలో కూర్చున్నవాళ్ల ప్రాణాలతో జూదం. ఫోన్ పెట్టేసి టెర్మినల్లో కూర్చోండి.