అప్పట్లో షోరూమ్‌లో మిగిలిపోయిన కార్లకే ఇప్పుడు కోట్ల ధర

2014 జూన్‌లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగిన మీకమ్ వేలంలో 1971 నాటి ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుల్ ఒకటి 35 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకం రేటులో అది దాదాపు 21 కోట్ల రూపాయలు. ప్లిమత్ అనేది గొప్పింటి బ్రాండేమీ కాదు. క్రైస్లర్ కంపెనీలో మధ్యతరగతికి చవక కార్లు అమ్మిన విభాగం అది. 2001లో దాన్ని మూసేశారు కూడా. ఆ కారు డోర్ల చుట్టూ సందులు ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. బ్రేకులు అంతంతమాత్రం. పోనీ వేగం కోసం కొన్నారా అంటే, ఈ రోజుల్లో మంచి ఎలక్ట్రిక్ ఫ్యామిలీ కారు ఏదైనా సిగ్నల్ దగ్గర దాన్ని వెనక్కి నెట్టేస్తుంది. మరి అంత డబ్బు దేనికిచ్చినట్టు?

నా ఉద్దేశంలో ఆ డబ్బు రెండింటికి. ఒకటి, ఆ కారు ఆనాడు అమ్ముడుపోకపోవడం. రెండు, ఇది అదే కారు అని చెప్పే కాగితం. ఇలాంటి పాత అమెరికన్ పెద్ద ఇంజిన్ కార్లను మజిల్ కార్లు అంటారు. వాటి గురించి రాసేవాళ్లు హార్స్‌పవర్‌తో మొదలుపెట్టి ఇంజిన్ గర్జన దగ్గర ఆగుతారు. వేలంపాటలో ధర మాత్రం ఆ రెండింటినీ పెద్దగా పట్టించుకోదు.

అసలు మజిల్ కారు పుట్టిందే చవక సరుకుగా. పెద్ద కారుకు పెట్టే ఇంజిన్ తీసుకొచ్చి, మధ్య సైజు మామూలు కారులో బిగించి, కుర్రాళ్లకు అందే ధరలో అమ్మడం, అంతే సూత్రం. 1964 మోడల్‌గా పాంటియాక్ జీటీవో వచ్చినప్పుడు, పాంటియాక్ యజమాని జనరల్ మోటార్స్‌లో ఒక నిబంధన ఉండేది. మధ్య సైజు కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదు. పాంటియాక్ చీఫ్ ఇంజినీర్ జాన్ డెలోరియన్ బృందం 389 ఇంజిన్‌ను కొత్త మోడల్‌గా చూపించకుండా, టెంపెస్ట్ కారుకు ఒక ఆప్షన్ ప్యాకేజీగా జాబితాలో చేర్చి నిబంధనను పక్క నుంచి దాటేసింది. మొదటి ఏడాదే 32 వేలకు పైగా అమ్ముడయ్యాయి. ఆ తర్వాత ఫోర్డ్, డాడ్జ్, షెవ్రోలె, బ్యూయిక్, ఓల్డ్స్‌మొబిల్ అన్నీ అదే దారి పట్టాయి. అంటే ఇవి లక్షల్లో తయారైన కార్లు. ఫెరారీలా పుట్టుకతోనే అరుదైనవి కావు. ఇలాంటి సరుకులో అరుదైనది ఎక్కడి నుంచి వస్తుంది? జనం వద్దన్న చోట నుంచే.

హెమీ కుడా సంగతే చూడండి. కుడా అంటే ప్లిమత్ బారకుడాలో జోరైన రకం, హెమీ అంటే అందులో పెట్టే పెద్ద ఇంజిన్. మూడు వేల పైచిలుకు డాలర్ల కారులో ఏడు లీటర్ల 426 హెమీ ఇంజిన్ కావాలంటే, ఒక్క ఇంజిన్‌కే మరో ఎనిమిది వందల డాలర్లకు పైగా కట్టాలి. దాని మీద ఇన్సూరెన్స్ బాదుడు. పైగా టాప్ తెరుచుకునే కారు కొనేవాడికి కావలసింది వాహ్యాళి, రేసు కాదు. రేసు కావాలన్న కుర్రాడేమో బరువు తక్కువని, కప్పు తెరుచుకోని హార్డ్‌టాప్ తీసుకుంటాడు. కాబట్టి హెమీ, కన్వర్టిబుల్ రెండూ ఒకే ఆర్డర్ ఫారంలో టిక్ పెట్టిన మనిషి కనిపించడమే కష్టం. 1970లో హెమీ కుడా హార్డ్‌టాప్‌లు 652 తయారైతే కన్వర్టిబుల్స్ 14. 1971లో 11. ఎవరూ కావాలని పరిమిత ఎడిషన్ తీయలేదు. అడిగినవాళ్లు అంతమందే.

1969 షెవ్రోలె కమారో జెడ్ఎల్1 కథ నాకు ఇంకా ఇష్టం. షెవ్రోలెలో కోపో అనే ఆర్డర్ పద్ధతి ఉండేది. టాక్సీలు, పోలీసు బండ్లు వంటి మూకుమ్మడి కొనుగోళ్లలో ప్రత్యేక మార్పుల కోసం పెట్టిన పద్ధతి అది. ఇల్లినాయ్‌లోని లా హార్ప్ అనే చిన్న ఊళ్లో ఫ్రెడ్ గిబ్ అనే డీలర్ ఆ దారిలో 50 కమారోలు ఆర్డర్ పెట్టాడు, రేసుల కోసం తయారైన అల్యూమినియం 427 ఇంజిన్‌తో. బండ్లు వచ్చాక చూస్తే ఒక్కోదాని ధర 7,200 డాలర్ల దరిదాపుల్లో ఉంది. మామూలు వీ8 కమారోలు రెండున్నర కంటే ఎక్కువ వచ్చే డబ్బు. అందులో సగానికి పైగా ఇంజిన్ ఖరీదే. లా హార్ప్‌లో ఎవరు కొంటారు? చాలా కార్లను కంపెనీకి తిప్పి పంపాడు. వాటిని వేరే డీలర్లకు సర్దారు. మొత్తం తయారైనవి 69. అవి అమ్ముడయ్యేలోపు కొన్నింటి ఇంజిన్లు తీసేసి మామూలు ఇంజిన్లు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఈ రోజున అసలు ఇంజిన్‌తో మిగిలిన జెడ్ఎల్1 ఉందంటే పాత కార్లు సేకరించే కలెక్టర్లు ముందు నమ్మరు, తర్వాత నిద్రపోరు.

ప్లిమత్ సూపర్‌బర్డ్‌దీ ఇదే దారి. అమెరికాలో నాస్కార్ అనే కార్ల రేసుల్లో ఆడాలంటే రోడ్డు మీదా కొన్ని అమ్మాలన్న నియమం కోసం 1970లో పంతొమ్మిది వందల పైచిలుకు తయారు చేశారు. ముందు పొడుగాటి ముక్కు, వెనక మనిషి నడుము దాటే రెక్క. రేసులో పేరుమోసిన డ్రైవర్ రిచర్డ్ పెట్టీ నడుపుతుంటే చప్పట్లు కొట్టినవాళ్లే షోరూమ్‌లో దాన్ని చూసి నవ్వారు. కొందరు డీలర్లు ముక్కూ రెక్కా పీకేసి ప్లిమత్‌దే మామూలు మోడల్ రోడ్ రన్నర్‌గా మార్చి వదిలించుకున్నారు. ఇప్పుడు ఆ రెక్కే లక్షల డాలర్లు.

ఈ సంబరం ఎంతో కాలం సాగలేదు. ఇన్సూరెన్స్ కంపెనీలు పాతికేళ్ల లోపు కుర్రాళ్లకు, పెద్ద ఇంజిన్లకు ప్రీమియం పెంచేశాయి. 1970లో క్లీన్ ఎయిర్ చట్టం గట్టిపడింది. 1971 మోడళ్లలో జనరల్ మోటార్స్ ఇంజిన్ల కంప్రెషన్ తగ్గించింది, దాంతో బలమూ తగ్గింది. హెమీకి అదే ఆఖరి ఏడాది. 1973 అక్టోబరులో చమురు ఆంక్షలు వచ్చేసరికి ఈ కార్లు పాత కార్ల దుకాణాల్లో మూల పడ్డాయి.

ఇక కాగితం విషయం. బయటివాళ్లకు విసుగ్గా అనిపించే ఈ భాగంలోనే అసలు డబ్బుంది. క్రైస్లర్ కార్లలో ఛాసిస్ నంబరే ఇంజిన్ ఏదో చెబుతుంది. 1971 హెమీ కుడా కన్వర్టిబుల్ నంబరు బీఎస్27ఆర్ అని మొదలవుతుంది. 27 అంటే కన్వర్టిబుల్, ఆర్ అంటే హెమీ. ఆ ఒక్క అక్షరం మీద లక్షల డాలర్ల తేడా. దానికి తోడు ఇంజిన్ గదిలో ఉండే ఫెండర్ ట్యాగ్ అనే రేకు ముక్క, ఫ్యాక్టరీలో కార్మికులు సీటు స్ప్రింగుల్లోకి తోసేసి మర్చిపోయిన బ్రాడ్‌కాస్ట్ షీటు. ఫోర్డ్ కారైతే 1967 నుంచి కంపెనీ రికార్డుల ఆధారంగా మార్టీ రిపోర్ట్ తెప్పించుకోవచ్చు. పాంటియాక్‌లకు అలాంటి రికార్డులిచ్చే పీహెచ్ఎస్ అనే సంస్థ ఉంది.

షెవ్రోలె దగ్గరే ఇబ్బంది. 1970 షెవెల్ ఎస్ఎస్ 454లో 450 హార్స్‌పవర్ ఎల్ఎస్6 ఇంజిన్ ఉందని ఛాసిస్ నంబరు చెప్పదు. అసలది ఎస్ఎస్, అంటే షెవెల్‌లో జోరైన రకం, అని కూడా చెప్పదు. పెట్రోలు ట్యాంకు మీద అంటించిన బిల్డ్ షీటు చెక్కుచెదరకుండా దొరకాలి, లేదా వారంటీ కోసం మొదటి యజమానికి ఇచ్చిన లోహపు ప్లేటు ఉండాలి. ఈ సందులోంచే నకిలీలు వచ్చాయి. షెవెల్‌లోనే సాదా రకమైన మాలిబు కొని, బ్యాడ్జీలు, హుడ్ చారలు, 454 ఇంజిన్ పెట్టేస్తే ఎస్ఎస్ తయారు. నిజాయితీపరుడు దాన్ని ‘క్లోన్’ అనో ‘ట్రిబ్యూట్’ అనో చెప్పి అమ్ముతాడు. మరొకడు ఇంజిన్ బ్లాకు మీది పాత నంబరు గీకేసి కొత్తది కొడతాడు. తయారైన ఎల్ఎస్6ల కంటే ఇప్పుడు తిరుగుతున్నవే ఎక్కువని కలెక్టర్లలో ఒక పాత జోకు. అసలుకీ క్లోనుకీ నడపడంలో తేడా ఏమీ ఉండదు. ధరలో మాత్రం కొన్ని రెట్లు. మన దగ్గర భూమి కంటే లింకు డాక్యుమెంట్లకు విలువ ఇచ్చినట్టే ఇది.

కాగితానికి కథ తోడైతే లెక్క ఇంకోలా ఉంటుంది. ‘బుల్లిట్’ సినిమాలో స్టీవ్ మెక్వీన్ శాన్ ఫ్రాన్సిస్కో వీధుల్లో నడిపిన 1968 మస్టాంగ్ జీటీని 1974లో ఒక కుటుంబం 6 వేల డాలర్లకు కొంది. ఇల్లాలు దాన్నే వేసుకుని స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లేది. 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసి అడిగినా వాళ్లు ఇవ్వలేదు. 2020 జనవరిలో ఫ్లోరిడాలోని కిస్సిమ్మీ వేలంలో ఫీజులతో కలిపి అది 37.4 లక్షల డాలర్లు పలికింది. రంగు వెలిసిపోయి, తుప్పు మచ్చలతో, రిపేరు చేయించకుండా అలాగే పెట్టారు. మెరిసేలా బాగు చేయించి ఉంటే విలువ పడిపోయేది. సినిమా వాళ్లు కెమెరా కోసం చేసిన మార్పులే దాని గుర్తింపు కాగితాలు. అదే ఏడాది జులైలో 1965 షెల్బీ జీటీ350ఆర్ నమూనా కారు 38.5 లక్షలు తెచ్చి దాన్ని దాటింది. అది షెల్బీ సంస్థ రేసు ట్రాక్ మీద పరీక్షలకు వాడిన తొలి బండి. ఈ రెండు కార్లలోనూ కొన్నది చరిత్రనే.

దీన్ని పెట్టుబడి అనుకుని దూకేవాళ్లతోనే నాకు పేచీ. 2006 జనవరిలో బారెట్-జాక్సన్ వేలంలో 1970 హెమీ కుడా కన్వర్టిబుల్ 21.6 లక్షల డాలర్లకు పోయింది. ఆ ఊపు చూసి అప్పు చేసి కొన్నవాళ్లను 2008 సంక్షోభం ముంచేసింది. 2021 మేలో ఇండియానాపొలిస్‌లో ఒక 1971 కన్వర్టిబుల్‌కు పాట 48 లక్షల దాకా వచ్చినా యజమాని ఇవ్వలేదు. అంత ఇస్తామన్నవాళ్లు ఆ గదిలో ఎందరని అడిగితే ఒకరో ఇద్దరో. ఒకరిద్దరు కొనేవాళ్ల మీద ఆధారపడిన ధరను మార్కెట్ ధర అనడం కష్టం.

పైగా ఈ కార్లను పదహారేళ్ల వయసులో చూసి మనసు పారేసుకున్న తరానికి ఇప్పుడు డెబ్బై దాటాయి. వాళ్ల గ్యారేజీలు ఖాళీ అయ్యే కాలం మొదలైంది. తర్వాతి తరానికి కలల కారు వేరు. 2021లో ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’ తొలి సినిమాలో వాడిన టొయోటా సుప్రా అయిదున్నర లక్షల డాలర్లు పలకడం దానికి సూచన. పదకొండు కన్వర్టిబుళ్లకు, జెడ్ఎల్1లకు కొనేవాళ్లు దొరుకుతూనే ఉంటారు, పెద్ద పెయింటింగులకు దొరికినట్టు. వేలల్లో తయారై, మధ్యరకంగా బాగు చేసి, పూర్తి కాగితాలు లేని కార్లకే ముందుముందు టెన్షన్.

ఇవి మనవాళ్లకు మరీ దూరపు సంగతులేం కావు. మిషిగన్‌లోని కార్ల కంపెనీల్లో తెలుగు ఇంజినీర్లు చాలామందే ఉన్నారు. ఏటా ఆగస్టులో డెట్రాయిట్ శివార్లలో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద జరిగే డ్రీమ్ క్రూజ్‌లో ఈ కార్లన్నీ బారులు తీరుతాయి. 60ల్లో కుర్రాళ్లు రాత్రిళ్లు పందేలు వేసుకున్న రోడ్డు అదే. కారు కొనకుండా సరదా తీర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఇక ఇండియాకు తెచ్చుకోవాలంటే, యాభై ఏళ్లు దాటిన వాహనాలకు దిగుమతి నిబంధనలు 2025లో సడలించారు కాబట్టి 1971 కారు ఆ లెక్కలోకి వస్తుంది. సుంకాలు, పన్నులు మాత్రం గుండె ఆపేస్తాయి. 2021 నాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం దాన్ని రోజూ రోడ్డు మీద తిప్పడమూ కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకెళ్లొచ్చు.

క్లోన్ల పిచ్చిలో ఎవరూ పెద్దగా పట్టించుకోని నష్టం ఒకటుంది. ఆరు సిలిండర్ల మామూలు బారకుడాలు, చిన్న ఇంజిన్ల మాలిబులు, ఇంట్లో ఆడవాళ్లూ టీచర్లూ పెన్షనర్లూ నడిపిన సాదా కార్లు, వీటిని కోసి హెమీలుగా, ఎస్ఎస్‌లుగా మార్చేశారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో, ఒరిజినల్ రంగుతో ఉన్న 1971 బారకుడా ఇప్పుడు కార్ల ప్రదర్శనల్లో కూడా అరుదుగానే కనిపిస్తుంది. అందులోనూ మంచివి ఇంకా మామూలు మనిషి కొనగలిగే ధరలోనే ఉన్నాయి. డబ్బు సంగతి పక్కన పెట్టి నచ్చిన పాత అమెరికన్ కారు కొనుక్కుంటానని ఎవరైనా అడిగితే నేను చూపించేది వాటినే.